‘అబ్జెక్షన్ యువరానర్!’ అంటే సరిపోతుందా?

చదవడమంటే గిట్టనివాళ్లకి నల్లకోటు నప్పుతుందా? తెరమీది కోర్టు నుంచి అసలు కోర్టు దాకా ఓ చిన్న షికారు!

హాల్లో దీపాలు ఆరిపోయాయి. తెరమీద కోర్టు. ఒక బోనులో కథానాయిక అన్నయ్య, ఎదుటి బోనులో దొంగసాక్షి, పైన జడ్జీగారు. మన కథానాయకుడు నల్లకోటు సర్దుకుంటూ లేచాడు. “యువరానర్!” అన్నాడు. అంతే... నేలక్లాసులోంచి ఈలలు! నాలుగో ప్రశ్నకి సాక్షి నీళ్లు నమిలాడు. అయిదో ప్రశ్నకి బావురుమన్నాడు. ఆరో ప్రశ్నకి అసలు హంతకుడు జనం మధ్యలోంచి లేచి పారిపోబోయి పట్టుబడ్డాడు. “ఆర్డర్... ఆర్డర్...” అంటూ జడ్జీగారు సుత్తి కొట్టారు. శుభం!

ఇది చూసి ఇంటికొచ్చిన కుర్రాడికి ఆ రాత్రి కలలో నల్లకోటు కనిపించిందంటే తప్పు వాడిది కాదు. మన తెర ఆ కోటుకి ఇచ్చిన హోదా అలాంటిది. 1978లో ఎన్టీఆర్ ‘లాయర్ విశ్వనాథ్’ అయ్యారు. 1981లో ‘న్యాయం కావాలి’లో శారద నల్లకోటు తొడిగారు. 1983లో ‘అభిలాష’లో చిరంజీవి ఉరిశిక్ష రద్దు కావాలని పట్టుబట్టిన కుర్ర లాయరు. 1987లో వంశీ తన చిత్రానికి ‘లాయర్ సుహాసిని’ అనే పేరు పెట్టుకున్నారు. 2021లో పవన్ కల్యాణ్ ‘వకీల్ సాబ్’ వచ్చింది, అదే ఏడాది సూర్య ‘జై భీమ్’ వచ్చింది. 2025లో ప్రియదర్శి ‘కోర్ట్’ వచ్చింది.

అన్నట్టు, మన కోర్టుల్లో జడ్జీగారి బల్లమీద సుత్తి ఉండదు. సాక్షి భగవద్గీత మీద చెయ్యి వెయ్యక్కర్లేదు. 1969 నాటి ప్రమాణాల చట్టంలో ఉన్న నాలుగు మాటలు దేవుడి పేరు మీదనో, మనస్సాక్షి మీదనో పలికితే చాలు. ఇవన్నీ చిన్న అబద్ధాలు. సినిమా కదా, పోనిద్దాం! కానీ పెద్ద అబద్ధం ఇంకొకటి ఉంది. తెరమీద లాయరు మాట్లాడుతూనే ఉంటాడు, చదువుతూ ఎప్పుడూ కనిపించడు.

ఇంతకీ ఈ గొడవ ఇప్పుడెందుకూ అంటారా? మా అక్కయ్య కొడుకు ఇంటర్ గట్టెక్కాడు. లా చదువుతానని కూర్చున్నాడు. మాటకి మాట అప్పజెప్పడంలో వాడికి సాటి లేరు. పెళ్లిళ్లలో వియ్యాలవారి తగువులు కూడా వాడే తీరుస్తాడు. చిక్కల్లా ఒక్కటే. పుస్తకం తెరిస్తే చాలు, వాడికి ఆవులింత వస్తుంది.

అక్కయ్య నాకు ఫోన్ చేసింది. “ఒరేయ్, నువ్వు పత్రికలకి రాస్తావు, నలుగురినీ కలుస్తావు. చదవడం ఇష్టం లేనివాడికి ప్లీడరీ పనికొస్తుందో లేదో కనుక్కుని చెప్పు. అయిదేళ్ల చదువు, పట్నంలో హాస్టలు. మీ బావగారు ఊళ్లో అరెకరం బేరం పెడతానంటున్నారు” అంది.

అరెకరం మాట వినేసరికి నాకు సరదా తగ్గింది. సినిమా ముచ్చట్లు కాసేపు పక్కనపెట్టి నల్లకోట్ల వెంట పడ్డాను.

తెర దాచిపెట్టిన ఆరు రాత్రులు

ముందుగా నాకు పరిచయం ఉన్న ఒక సీనియర్ క్రిమినల్ ప్లీడరు గారింటికి వెళ్లాను. తెల్లవారి ఆరు గంటలు. ముందుగది నిండా కేసుకట్టలు. ఆయన కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంది, చేతిలో ఎర్రపెన్సిలు. గంటసేపటి నుంచి ఒకే కాగితం చదువుతున్నారట!

“సాక్షిని నిలదీయడమంటే గట్టిగా అరవడం అనుకుంటారండీ సినిమా చూసినవాళ్లు” అంటూ మొదలుపెట్టారు. “దర్యాప్తులో పోలీసులు సాక్షి చెప్పింది రాసుకుంటారు. దాన్ని ఇన్నాళ్లూ ‘161 స్టేట్‌మెంట్’ అన్నాం, కొత్త చట్టంలో 180వ సెక్షన్ అయింది. అదే సాక్షి ఏడాదో, రెండేళ్లో పోయాక కోర్టులో ఇంకోలా చెబుతాడు. ఆ తేడా పట్టుకోవాలి. ‘నువ్వు అప్పుడు వేరేగా చెప్పావు’ అంటే సరిపోదు. ఎక్కడ, ఏ వాక్యంలో చెప్పాడో అది సాక్షి ముందు పెట్టి అడగాలని సాక్ష్యాల చట్టమే చెబుతోంది. మరి ఆ వాక్యం ఎక్కడుందో నాకు తెలియాలంటే?”

“చదవాలి” అన్నాను.

“ఒకసారి కాదు, ఆరుసార్లు! అనుకోండి, సాక్షి ‘వీధిదీపం వెలుతురులో ముద్దాయిని గుర్తుపట్టాను’ అన్నాడు. పోలీసులు గీసిన స్థలం నక్షాలో అసలు దీపమే లేదు. ఈ రెండూ వేరువేరు కాగితాలు. రెంటి మధ్యా నలభై పేజీల దూరం. మొదటిది చదివి రెండోది వదిలేస్తే నా క్లయింటు జైలుకే! మీరు తెరమీద చూసే ఆ ఒక్క నిమిషం వెనక నావి ఆరు రాత్రులుంటాయి. ఆరు రాత్రులూ చూపిస్తే మీ నిర్మాత దివాలా తీస్తాడు” అని నవ్వారు.

ఆలోచిస్తే మన చిత్రాల్లోనూ దీనికి సాక్ష్యం ఉంది. ‘నాంది’ కథ ఎక్కడ మలుపు తిరిగింది? చెయ్యని హత్యకి జైల్లో మగ్గిన కథానాయకుడి కోసం లాయరమ్మ బయటికి తీసింది ఐ.పి.సి. 211వ సెక్షన్! తప్పుడు కేసు బనాయించినవాడికి శిక్ష వేసే సెక్షన్ అది. చిత్రం వచ్చేదాకా ఆ సెక్షన్ పేరు విన్న ప్రేక్షకుడెవరు? అది మాత్రం 1860 నుంచీ పుస్తకంలోనే ఉంది, చదివేవాడి కోసం ఎదురుచూస్తూ!

రంగస్థలం మీద ప్లీడర్లు

నాటకానికీ ప్లీడరీకీ మన తెలుగువాళ్లలో పాత చుట్టరికం ఉంది. ‘ఆంధ్ర నాటక పితామహుడు’ ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో ప్లీడరు. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ (1880-1946) కూడా ప్లీడరే. పగలు కోర్టు, రాత్రి రంగస్థలం. ‘ద్రౌపదీ మానసంరక్షణం’ (1936), ‘రైతుబిడ్డ’ (1939), ‘చండిక’ (1940) చిత్రాల్లో తెరమీద కూడా కనిపించారు. ఇక విశాఖపట్నంలో రావిశాస్త్రి గారు (1922-1993) ప్లీడరీ చేస్తూనే ‘ఆరు సారా కథలు’ రాశారు. కోర్టు వరండాలో నిలబడ్డ బీదవాళ్ల గొంతులు ఆ కథల్లో వినబడతాయి.

వీళ్ల సంగతి చెబితే మా మేనల్లుడు ఎగిరి గంతేశాడు. “చూశావా మావయ్యా, యాక్టింగ్ వస్తే లాయరు అయిపోవచ్చు!” అన్నాడు. వాడికి సగమే వినిపించింది. రాఘవ గారు షేక్‌స్పియర్ పాత్రలు కూడా వేసిన మనిషి. అవి చదవకుండా నోటికొస్తాయా? నటుడైనా, ప్లీడరైనా పెదవి విప్పకముందు కాగితం విప్పాలి.

ప్రోనోటుకి రెండు వైపులు

సరే, చదవకపోతే ఏమవుతుందట? కాస్త ఆలస్యంగా నెగ్గుతామేమో! అలా అనుకునేవాళ్ల కోసం మా పక్కవీధి పెద్దావిడ సంగతి చెబుతాను.

ఆవిడ భర్త పోయాక చేతికొచ్చిన డబ్బులో రెండు లక్షలు తెలిసినవాడికి ప్రోనోటు మీద అప్పిచ్చింది. రెండేళ్లకి అతను పదివేలు తెచ్చిచ్చాడు. ప్రోనోటు వెనకవైపు ‘చెల్లు’ రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు. ఆ తర్వాత మొహం చాటేశాడు. నోటు రాసిన మూడేళ్ల మూడు నెలలకి ఆవిడ ఒక ప్లీడరు దగ్గరికి వెళ్లింది. ఆయన ఫోన్‌లో మాట్లాడుతూనే నోటు ముందువైపు తేదీ చూశాడు. “మూడేళ్లు దాటిపోయిందమ్మా, కాలదోషం పట్టింది. ఇంక ఇది చిత్తుకాగితం” అన్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని దాన్ని ట్రంకుపెట్టెలో పెట్టేసింది.

ఇంకో రెండేళ్లకి, కూతురి కాపురం గొడవ మీద వేరే ప్లీడరు దగ్గరికి వెళ్లినప్పుడు మాటల్లో ఈ సంగతి వచ్చింది. ఆయన గుమాస్తా నోటు తెమ్మని, తిరగేసి చూశాడు. చూసి మాట్లాడలేకపోయాడు!

ఎందుకంటే 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ప్రోనోటు బాకీకి గడువు మూడేళ్లు. నిజమే. కానీ ఆ గడువు లోపల బాకీదారు కొంత చెల్లించి, ఆ సంగతి తన చేత్తో రాసినా, రాసినదాని కింద సంతకం చేసినా, అక్కణ్ణించి మళ్లీ కొత్తగా మూడేళ్లు లెక్క! అంటే ఆవిడ మొదటి ప్లీడరు దగ్గరికి వెళ్లిననాటికి ఏడాది తొమ్మిది నెలల గడువు చేతిలో ఉంది. గుమాస్తా చూసేనాటికి అది దాటి మూడు నెలలైంది.

మొదటి ప్లీడరు మంచి వక్త అనే చెబుతారు. సభల్లో మైకు ముందు ఆయన నిలబడితే జనం కదలరట. కానీ ఆవిడకి కావలసింది ఉపన్యాసమా? కాగితం తిరగేసే చెయ్యి!

ఈ సంగతి చెప్పినప్పుడు మా మేనల్లుడు మొదటిసారి ఏమీ అనలేదు.

తల పండినవాళ్లు మళ్లీ బడికి

పోనీ, కుర్రతనంలో కష్టపడి చదివేస్తే తర్వాత హాయిగా ఉండొచ్చా? అదీ లేదు. 2024 జూలై 1న ఏం జరిగిందో చూడండి. నూట అరవై ఏళ్లు పైబడిన ఐ.పి.సి. స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు పోయి 358 సెక్షన్లు అయ్యాయి. దాంతోపాటే విచారణ పద్ధతికి 531 సెక్షన్ల కొత్త చట్టం, సాక్ష్యాలకి 170 సెక్షన్ల కొత్త చట్టం.

మన సినిమాల్లో చిన్నపిల్లాడికి కూడా వచ్చిన ‘సెక్షన్ 302’ ఇప్పుడు 103. ‘వాడొట్టి 420’ అని తిట్టుకునే నాలుగువందల ఇరవై ఇప్పుడు 318లోకి వెళ్లి దాక్కుంది. రచయితలూ, కాస్త గమనించుకోండి!

తమాషా ఏమిటంటే, ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకి పాత చట్టమే వర్తిస్తుంది. కాబట్టి ఇవాళ ప్లీడరు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకోవాలి. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ఎర్రపెన్సిలు పట్టుకుని మళ్లీ మొదటి సెక్షన్ నుంచి మొదలుపెట్టారు. నేను చూసిన ఆ పొద్దుటి పారాయణం ఇలాంటిదే.

నత్తి ఉన్నా సరే... చూపు లేకున్నా సరే!

“వాక్చాతుర్యం ఉంటే చాలు” అనేవాళ్లకి నానీ పాల్కీవాలా గురించి చెప్పాలి. 1973లో తీర్పు వచ్చిన కేశవానంద భారతి కేసు విన్నారు కదా? పదముగ్గురు జడ్జీలు, 68 రోజుల వాదనలు. రాజ్యాంగానికి ఒక మూలస్వరూపం ఉంది, దాన్ని పార్లమెంటు కూడా చెరపలేదని తేల్చిన కేసు. అందులో పిటిషనర్ పక్షాన వాదించిన మహావక్త పాల్కీవాలాకి చిన్నతనంలో నత్తి! నత్తి ఉన్న పిల్లవాడు దేశం చెవులు రిక్కించి వినే లాయరయ్యాడు. మరి చదవకుండా అంతవాడైన లాయరు పేరు ఒక్కటి చెప్పండి చూద్దాం!

మరి చూపే లేనివాడి మాటేమిటి? సాధన్ గుప్తా గారికి చిన్నతనంలోనే మశూచి వల్ల చూపు పోయింది. అయినా లా చదివారు, పార్లమెంటు సభ్యులయ్యారు, పశ్చిమ బెంగాల్‌కి అడ్వకేట్ జనరల్ కూడా అయ్యారు. చూపు లేదన్న కారణంతో ఎవరినీ జడ్జి ఉద్యోగానికి పనికిరారనకూడదని 2025 మార్చిలో మన సుప్రీంకోర్టే తేల్చి చెప్పింది.

‘తారే జమీన్ పర్’ (2007)లో అక్షరాలు కళ్లముందు గంతులేసే పిల్లవాడు గుర్తున్నాడా? దాన్ని డిస్‌లెక్సియా అంటారు. అమెరికాలో డేవిడ్ బోయిస్ అనే లాయరుకి అదే చిక్కు. మైక్రోసాఫ్ట్ కేసులో 1998లో బిల్ గేట్స్‌ని ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసింది ఆయనే.

ఇక్కడే అసలు కిటుకు ఉందని నాకనిపించింది. చదవలేకపోవడం వేరు, చదవడానికి బద్ధకించడం వేరు. చూపు లేనివాడు చదివించుకుని వింటాడు. అక్షరం లొంగనివాడు నెమ్మదిగా చదివి జ్ఞాపకంలో పెట్టుకుంటాడు. ఆ కాగితంలో ఏముందో తెలుసుకుని తీరాలన్న తపన మాత్రం ఇద్దరిలోనూ ఉంది. ఆ తపన లేనివాడికి కళ్లు రెండూ బాగున్నా ఏం లాభం?

ఇంకో సంగతి. ‘నాకు చదవడం ఇష్టం లేదు’ అనే కుర్రాళ్లలో కొంతమందికి ఇష్టం లేనిది చదవడం కాదు, ఇంగ్లీషు! తెలుగు మీడియంలో చదివి వచ్చినవాడి ముందు ఇంగ్లీషు తీర్పు పెడితే బెదిరిపోతాడు. హైకోర్టులోనూ సుప్రీంకోర్టులోనూ ఇంగ్లీషు తప్పదు. కానీ ఊళ్లో దస్తావేజులు, ప్రోనోట్లు, వీలునామాలు ఎక్కువగా తెలుగులోనే ఉంటాయి. రెండూ వచ్చినవాడు రాజు. భయాన్ని చూసి అయిష్టం అనుకుని కోటు ఆశ వదులుకోకూడదు.

గుమ్మంలోనే చదువు

ఈ వృత్తి గుమ్మంలోనే చదివించి లోపలికి రానిస్తుంది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో (హైదరాబాదులో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య వర్సిటీ అలాంటివే) చేరాలంటే క్లాట్ రాయాలి. రెండు గంటలు, 120 ప్రశ్నలు. అన్నీ పేరాలు చదివి జవాబు చెప్పేవే. ఒక్కో పేరా 450 మాటల దాకా ఉంటుంది! మన రెండు రాష్ట్రాల కాలేజీలకి లాసెట్ ఉంది. గంటన్నరలో 120 ప్రశ్నలు, తెలుగులోనూ ఇస్తారు. ఇంటర్ తర్వాతైతే అయిదేళ్లు, డిగ్రీ తర్వాతైతే మూడేళ్లు చదువు. పట్టా చేతికొచ్చినా కోర్టులో నిలబడాలంటే ఆలిండియా బార్ పరీక్ష గట్టెక్కాలి.

ఆ పరీక్షకి నోట్సు లేని ఉత్త చట్టాల పుస్తకాలు దగ్గర పెట్టుకోనిస్తారు. ‘అయితే ఇంకేం, కాపీ కొట్టెయ్యొచ్చు’ అనుకునేరు! వంద ప్రశ్నల హడావుడిలో ఏ చట్టంలో ఏ మూల ఏముందో ముందే తెలిసినవాడికే ఆ పుస్తకం ఉపయోగం. తెలియనివాడికి అది దిండు.

అడ్డదారులు లేవా?

“పోనీ, తక్కువ చదివే శాఖ ఏదైనా ఉందా?” అని ఒక లేడీ లాయరు గారిని అడిగాను. కుటుంబ తగాదాలు రాజీ చెయ్యడంలో ఆవిడకి మంచి పేరుంది.

“ఉంది, కొంతవరకు” అన్నారావిడ. “మధ్యవర్తిత్వానికి 2023లో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది. లోక్ అదాలత్‌లు ఉన్నాయి. అక్కడ పుస్తకం కన్నా మనిషిని చదవడం ముఖ్యం. మీ మేనల్లుడిలా తగువులు తీర్చేవాళ్లు బాగా పనికొస్తారు. కానీ రాజీ కుదిరాక ఏం చేస్తాం? కాగితం మీద పెడతాం! లోక్ అదాలత్‌లో రాజీపడి తీసుకున్న అవార్డు మీద అప్పీలు లేదు. అందులో ఒక్క మాట అటూ ఇటూ అయితే ఆ అమ్మాయి జీవితాంతం అనుభవించాలి. అక్కడ మాత్రం నేను నాలుగుసార్లు చదువుతాను.”

ఇప్పటి కుర్రాళ్లకి ఇంకో ఆశ ఉంది. “కంప్యూటరే చదివి చెబుతుంది కదా మావయ్యా!” 2023లో న్యూయార్కులో ఇద్దరు లాయర్లు అలాగే అనుకున్నారు. విమానయాన సంస్థ మీద వేసిన కేసులో చాట్‌జీపీటీ చెప్పిన పాత తీర్పుల్ని కోర్టుకి సమర్పించారు. తీరా చూస్తే అలాంటి తీర్పులు లోకంలోనే లేవు! యంత్రం సొంతంగా కల్పించేసింది. జడ్జీగారు అయిదువేల డాలర్ల జరిమానా వేశారు. ఆ తీర్పుల్ని వెతికి ఒక్కసారి చదవబోయి ఉంటే దొరకవని అప్పుడే తెలిసేది. యంత్రం సాయం తీసుకోవడం తప్పు కాదు, అది చెప్పినదాన్ని కూడా చదివి సరిచూసుకోవాలి. అంటే చదువు తగ్గకపోగా ఒక ఆకు ఎక్కువైంది!

మన సినిమావాళ్లకే ఎక్కువ అవసరం

ఇది సినిమా పత్రిక కాబట్టి ఇంటి సంగతి కూడా చెప్పుకుందాం. చదివే లాయరు అందరికన్నా ఎక్కువ కావలసింది మన చిత్రసీమకే. ముహూర్తం హడావుడిలో, కొబ్బరికాయ చప్పుడులో ఎంతమంది చదవకుండా సంతకాలు పెట్టి ఉంటారు! పాట రాసినవాడు ఏ హక్కు ఇచ్చేశాడో, ఏది ఉంచుకున్నాడో తెలియాలంటే ఒప్పందం చదవాలి.

2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. చిత్రంలోని పాటల్ని హాలు బయట వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో రచయితకీ, సంగీత దర్శకుడికీ సమాన వాటా ఉంటుందనీ, ఆ వాటాని వాళ్లు నిర్మాతకి రాసిచ్చెయ్యడం చెల్లదనీ అందులో ఉంది. ఒప్పందం రాసుకున్ననాటికి లేని కొత్త ప్రసార పద్ధతి ఏదైనా తర్వాత పుట్టుకొస్తే, దాని పేరు ఆ ఒప్పందంలో ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప హక్కు పోదనీ ఉంది. ఇవన్నీ చట్టం పుస్తకంలో చిన్న అక్షరాల్లో పడుకుని ఉన్న మాటలు. వాటిని లేపి మన పాటల రచయిత చేతిలో పెట్టేవాడు గొంతు పెద్దదైన లాయరు కాదు, కళ్లజోడు జారిన లాయరు!

మేనల్లుడికి పరీక్ష

చివరికి మా వాణ్ణి ఆ క్రిమినల్ ప్లీడరు గారి దగ్గరికే తీసుకెళ్లాను. ఆయన రెండు కట్టలు వాడి ముందు పెట్టారు. రెండూ ఎప్పుడో తీర్పులు వచ్చేసిన పాత కేసులు. ఒకటి దొంగతనం కేసు, రెండోది అన్నదమ్ముల ఆస్తి పంపకాల దావా. “చదివి, ఎవరు అబద్ధం చెబుతున్నారో చెప్పు” అన్నారు.

దొంగతనం కట్ట తెరిచాడు. మొదట ఆవులింత. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. గంటన్నర తల ఎత్తలేదు! “మావయ్యా, వీడు తలుపు గడియ విరిగిందన్నాడు. పంచనామాలో గడియ బాగానే ఉంది!” అని కేకేశాడు. ప్లీడరు గారు నావైపు చూసి కనుబొమలు ఎగరేశారు.

రెండో కట్ట తెరిచాడు. సర్వే నంబర్లు, హద్దులు, తాతగారి వీలునామా... పదో పేజీకి ఫోన్ తీశాడు. పన్నెండో పేజీకి కాఫీ అడిగాడు. పదిహేనో పేజీ చూడనేలేదు.

“సగం పాసు” అన్నారు ప్లీడరు గారు. “వీడికి గిట్టనిది చదవడం కాదండీ, అక్కర లేకుండా చదవడం. అది నయమయ్యే జబ్బే. కానీ ఒక్కమాట బాబూ! కోర్టుకి దొంగతనాలే రావు, ఇలాంటి హద్దుల తగాదాలూ బోలెడు వస్తాయి. ఆ రెండో కట్ట వెనక కూడా ఒక ఇల్లు ఉంది, అందులో అన్నం మానేసి కూర్చున్న ఒక ముసలాయన ఉన్నాడు. ఆయన కనిపించేదాకా చదవగలిగితే రా.”

అక్కయ్యకి ఒకటే చెప్పాను. “అరెకరం అమ్మకం ఇప్పుడే వద్దు. ఫలితాలు, ప్రవేశ పరీక్షలు అంటూ ఎలాగూ కొంత వ్యవధి ఉంటుంది. రెండు నెలలు వీణ్ణి ఆయన దగ్గర కట్టలు విప్పనియ్యి. రెండో కట్ట కూడా పూర్తిచేస్తే అప్పుడు బావగారు భూమి సంగతి ఆలోచిస్తారు. లేకపోతే అరెకరమైనా మిగులుతుంది.” వాడు ఇప్పుడు రోజూ పొద్దున్నే వెళ్తున్నాడు. రెండో కట్టలో ముప్పయ్యో పేజీలో ఉన్నాడని నిన్ననే తెలిసింది.

మీ ఇంట్లోనూ...

మీ ఇంట్లోనూ ఇలాంటి కుర్రాడో, అమ్మాయో ఉంటే డబ్బు కట్టకముందు రెండు పనులు చెయ్యండి. ఒకటి, దగ్గర్లోని కోర్టుకి పంపి ఒకరోజంతా వెనక బెంచీలో కూర్చోమనండి. గోప్యంగా విచారించే కొన్ని కేసులు తప్ప మిగతావి ఎవరైనా చూడొచ్చు, టిక్కెట్టు లేదు. ఈలలు మాత్రం వెయ్యకూడదు! అరగంటలో వాళ్లకే తెలుస్తుంది, అక్కడ మాటలకన్నా కాగితాల చప్పుడే ఎక్కువని.

రెండు, ఒక్క తీర్పు చదివించండి. సుప్రీంకోర్టు తన తీర్పుల్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడుతోంది, కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. మధ్యలో ఆపేసి ‘ఇంతకీ ఎవరు గెలిచారు?’ అని చివరి పేజీకి దూకినా ఫరవాలేదు. గెలిచినవాడు ఎందుకు గెలిచాడో తెలుసుకోవాలని మళ్లీ వెనక్కి వస్తున్నాడా లేదా, అది చూడండి. వస్తే నిశ్చింతగా చేర్పించండి. రాకపోతే లోకంలో మంచి వృత్తులు చాలా ఉన్నాయి, ఆ మాటకారితనాన్ని వాటిలో వాడుకోమనండి. ఏ పెద్దావిడ ప్రోనోటూ వాడి చేతిలో పడకుండా ఉంటే అదే పదివేలు.